వేపచెట్టుకు కట్టిన రాయి

పత్తికట్టె ఇంకొంచెం ఎగదోయి బిడ్డా, చలి ముదురుతున్నది. ఇందాక నువ్వు కండ్లు మూసుకొని ‘టూ పై రూట్ ఎల్ బై జీ’ అని లోలకం ఫార్ములా అప్పజెప్పుకుంటుంటే నాకు మా తొమ్మిదో తరగతి యాదికొచ్చింది.

ఆ ఏడు మా బడికి కొత్త సైన్సు సారు వచ్చిండు. ప్రయోగశాల అంటే తాళమేసిన ఒక చెక్క బీరువా. సారు దాని జోలికే పోలేదు. మొదటి రోజే మమ్ముల మోటబావి కాడికి తీస్కపోయి, “నిండు మోటను గుంజేటప్పుడు ఎడ్లు పల్లానికి నడుస్తయి గదా, ఎందుకు?” అని అడిగిండు. మాలో సగం మందిమి పొద్దుగాల మోట కొట్టి బడికి వచ్చినోళ్లమే. అయినా ఒక్కనికి నోరు పెగల్లే. “ఎడ్లకు అలుపు రాకుండ సార్” అని ఒకడన్నడు. “అలుపెందుకు రాదు?” అని సారు మళ్ల అడిగిండు గని జవాబు మాత్రం చెప్పలే. మూడో రోజుకు మేమే చెప్పినం: పల్లానికి దిగేటప్పుడు ఎద్దు బరువు గూడ తాడును గుంజుతది. అప్పుడు రాసిండు బోర్డు మీద ‘వాలుతలం’ అని. ముందు సంగతి, ఆ తర్వాతే పేరు.

ఇగ నీ లోలకం ముచ్చట. బడి ముంగట వేపకొమ్మకు రెండు దారాలు కట్టిండు. ఒకదానికి గోలీకాయంత రాయి, ఇంకోదానికి పిడికెడు రాయి. పైన ముడి నుంచి రాయి నడిమి దాకా కొలిచి రెండూ మీటరు పొడుగు ఉంచిండు. రాయి నెత్తి కాడ ఆపితే లెక్క తప్పుతదన్నడు. ఊపకముందే, “ఏది మెల్లగ ఊగుతది? చేతులెత్తుండ్రి” అన్నడు. పెద్ద రాయే అని చానమందిమి ఎత్తినం, నేను గూడ. ఎవరేమన్నరో సుద్దముక్కతోటి బోర్డు మీద రాసి, “ఇప్పుడు పక్కోనితోటి వాదులాడుండ్రి” అన్నడు. “బరువుది గాబట్టి ఆగాగి పోతది” అని నేను. “బరువుది గాబట్టే దబ్బున కిందికొస్తది” అని నా పక్కోడు. గొంతులు లేసినయి. హెడ్మాస్టరు వచ్చి చూసి పోయిండు.

అప్పుడు ఊపిండు, కొద్దిగనే. పోయి వచ్చుడు ఒక ఊపు. సారు చేతి గడియారం చూస్తుంటే మేం లెక్కవెట్టినం. పెద్ద రాయికి 10 ఊపులకు 20 సెకండ్లు. చిన్న రాయికీ 20 సెకండ్లే. నేను నమ్మలే. నా చేతులతోనే మళ్ల ఊపి చూసిన. మళ్ల 20.

“10 సెకండ్లకు తేవాలంటే దారం ఎంత ఉండాలె?” అన్నడు సారు. “సగం!” అని అందరం ఒక్కసారే మొత్తుకున్నం. సగం చేసి చూస్తే 14 సెకండ్లు. కొంచెం కొంచెం కోసుకుంట పోయినం. పావు మీటరు కాడ పడ్డది 10. టైము సగం కావాలంటే దారం నాలుగో వంతు! నువ్వు అప్పజెప్పుకునే ఆ ‘రూట్’ను నేను ఆనాడు వేపచెట్టు కింద కండ్లతోటి చూసిన బిడ్డా.

అట్ల నేర్చుకున్న నేనే, సారు నౌకరొచ్చినంక దారి తప్పిన. సిలబస్ అయిపోవాలె, రిజల్టు రావాలె. ఫార్ములా రాసిచ్చి లెక్కలు చేయించిన. మార్కులు బాగనే వచ్చినయి. ఒకనాడు క్లాసుల ఫస్టొచ్చిన పిల్లగాడు ఉయ్యాల ఊగుతుంటే అడిగిన, “నీ పక్కన ఇంకొకడు కూసుంటే ఉయ్యాల మెల్లగైతదా?” అని. “అయితది సార్, బరువు పెరుగుతది గదా” అన్నడు. వాన్ని నిద్రల లేపి అడిగినా ఫార్ములా చెప్తడు. అండ్ల బరువే లేదన్న సంగతి మాత్రం వానికి తట్టలే. తప్పు వానిది గాదు, నాది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలే. తెల్లారి దారం, రాళ్లు పట్టుకొని పోయిన.

తర్వాత చదివితే తెలిసింది, హార్వర్డ్‌ల ఎరిక్ మజూర్ అనే ప్రొఫెసరుకు గూడ ఇదే ఎదురైందని. పెద్ద పెద్ద లెక్కలు చేసే పిల్లలు మామూలు మాటలల్ల అడిగితే తడబడ్డరట. ఆయన 1991ల పద్ధతి మార్చిండు: ప్రశ్న అడుగుడు, ఎవరి జవాబు వాళ్లు ఎంచుకునుడు, పక్కోనితోటి వాదించుడు, మళ్ల ఎంచుకునుడు. మన దేశంల అంతకంటె ముందే, 1972ల, మధ్యప్రదేశ్‌ల హోషంగాబాద్ జిల్లాల 16 బడులల్ల పిల్లలు చేసి నేర్చుకునే సైన్సు మొదలైంది. పరీక్షల గూడ పుస్తకం తెరిచి పెట్టుకోవచ్చు. 2002ల దాన్ని సర్కారు ఆపేసింది. తలుచుకుంటే నాకిప్పటికీ కడుపుల దేవినట్టయితది.

సరే, పుస్తకం పక్కకు పెట్టు. పెరట్ల చింతకొమ్మకు మీ చెల్లె ఉయ్యాల ఉన్నది గదా. కూసొని ఊగితే ఒక తీరు. అదే ఉయ్యాల మీద నిలబడి ఊగితే? ఒక్కో ఊపుకు టైము ఎక్కువ పడుతదా, తక్కువ పడుతదా? ఫోన్ల చూడకు. ముందు నువ్వేమనుకుంటున్నవో చెప్పు. మీ చెల్లెను గూడ పిలువు, ఆమె ఏమంటదో విందాం. పొద్దుగాల కొలుద్దాం.