నిందితుని పేరు చెరిపేసిన వైద్యశాస్త్రం

మీ తాతగారు రాత్రిపూట మూడు నాలుగుసార్లు మూత్రానికి లేస్తుంటే ఇంట్లో ఏమంటారు? “వయసు మీద పడింది, మామూలే” అంటారు. అదే ఇబ్బంది మీ నాయనమ్మగారికి ఉంటే? బహుశా ఆమె ఎవరికీ చెప్పి ఉండరు. ఈ ఇద్దరి బాధనూ ఒకే పేరుతో పిలవడం వైద్యులు నేర్చుకున్నది 1994 తర్వాతనే. ఆ కథ తెలుసుకుందాం.

మూత్రపిండాలలో తయారైన మూత్రం మూత్రాశయానికి చేరుతుంది. పెద్దవారిలో అందులో సుమారు 400 నుంచి 500 మిల్లీలీటర్లు పడుతుంది. మూత్రాశయానికి ఉన్న పనులు రెండే: నిలవ ఉంచడం, సమయం వచ్చినప్పుడు ఖాళీ చేయడం. మగవారిలో మూత్రాశయం కింద, మూత్రమార్గాన్ని చుట్టి ప్రోస్టేట్ గ్రంథి ఉంటుంది. స్త్రీలకు ఈ గ్రంథి లేదు. ఈ చిన్న తేడాను గుర్తుంచుకోండి.

మూత్ర బాధలను వర్గీకరించే ప్రయత్నం చాలా పాతది. సుశ్రుత సంహిత ఉత్తరతంత్రంలో 12 రకాల మూత్రాఘాతాల వర్ణన ఉంది. మూత్రాశయంలో రాళ్లు ఏర్పడే అశ్మరీ రోగాన్ని అదే గ్రంథం వేరే అధ్యాయాలలో చర్చించి, శస్త్రచికిత్సను కూడా వివరించింది. మూత్రం సరిగా రాకపోవడానికి కారణం ఒక్కటే కాదని ఆనాడే గమనించారన్నమాట.

ఇరవయ్యో శతాబ్దంలో మాత్రం వయసు మళ్లిన మగవారి మూత్ర ఇబ్బందులన్నిటికీ ‘ప్రోస్టేటిజం’ అన్న పేరు స్థిరపడింది. విచారణ జరగకముందే నిందితుణ్ణి తేల్చేసినట్టు లేదూ? వయసుతో ప్రోస్టేట్ పెరగడం నిజమే. కానీ గ్రంథి బాగా పెరిగినా ఏ బాధా లేనివారున్నారు. పెద్దగా పెరగకపోయినా ఎంతో బాధపడేవారూ ఉన్నారు.

1992లో అమెరికన్ యూరలాజికల్ అసోసియేషన్ ఏడు ప్రశ్నల పట్టికను ప్రకటించింది. పూర్తిగా ఖాళీ కానట్టు అనిపించడం, మాటిమాటికీ వెళ్లవలసి రావడం, ధార ఆగి ఆగి రావడం, ఆపుకోలేని తొందర, సన్నని ధార, ముక్కవలసి రావడం, రాత్రి నిద్ర లేవడం: వీటిలో ఒక్కొక్కదానికి 0 నుంచి 5 మార్కులు. మొత్తం 35.

ఈ పట్టికను స్త్రీలకు కూడా ఇస్తే? 1993లో అమెరికాలో పరిశోధకులు అదే చేశారు. 55 నుంచి 79 ఏళ్ల స్త్రీలకూ పురుషులకూ దాదాపు సమానమైన మార్కులే వచ్చాయి! ప్రోస్టేటే లేని స్త్రీలలో ‘ప్రోస్టేటిజం’ లక్షణాలు ఎలా వచ్చినట్టు?

1994లో బ్రిటన్‌కు చెందిన పాల్ ఏబ్రమ్స్, బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాస్తూ, పాత పేరును వదిలి ‘దిగువ మూత్రమార్గ లక్షణాలు’ అనాలని ప్రతిపాదించారు. ఇందులో ఏ అవయవం మీదా నింద లేదు. 2002లో అంతర్జాతీయ కాంటినెన్స్ సొసైటీ ఈ లక్షణాలను మూడు వర్గాలు చేసింది: నిలవకు సంబంధించినవి, విసర్జనకు సంబంధించినవి, విసర్జన తర్వాత కనిపించేవి.

పేరు మారితే ఏం లాభమంటారా? కారణం కోసం వెతుకులాట మొదలవుతుంది. రాత్రిపూట మాటిమాటికీ లేవడానికి మధుమేహం కారణం కావచ్చు. గుండె బలహీనపడి, పగలు కాళ్లలో చేరిన నీరు పడుకున్నాక తిరిగి రక్తంలోకి రావడం కావచ్చు. మూత్రాశయ కండరాలు, నాడులు, ఇన్ఫెక్షన్ కూడా కావచ్చు. ప్రోస్టేట్ కావచ్చు, కాకపోనూవచ్చు. పరీక్షలతోనే అది తేలుతుంది.

మూత్రంలో రక్తం కనిపించినా, మూత్రం పూర్తిగా ఆగిపోయినా, జ్వరంతో పాటు మంట ఉన్నా ఆలస్యం చేయకుండా వైద్యుని వద్దకు వెళ్లాలి. ఈసారి నాయనమ్మగారు రాత్రి లేచిన అలికిడి వినిపిస్తే, ఉదయం ఆమెను ఒక్క మాట అడగండి. చెప్పుకోవడానికి సిగ్గుపడవలసిన విషయం కాదని ఆమెకు మీరే చెప్పవచ్చు.