మ్యూనిక్ నగరం ఇల్లు మారిన కథ

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. వారి కాలంలో కంప్యూటర్లు లేవు గాని, ఉండి ఉంటే మూడోమాటగా "యంత్రం మార్చి చూడు" అని కూడా చేర్చేవారేమో! ఈ మధ్య ఆ మూడో కష్టం నాకు అనుభవంలోకి వచ్చింది.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మద్దతు ముగిసింది. కావాలనుకున్నవారికి మరొక ఏడాది భద్రతా సవరణలు అందే వీలు కల్పించారు గాని, అది గడువు పొడిగింపే తప్ప పరిష్కారం కాదు. 2021లో వచ్చిన విండోస్ 11 నడవాలంటే యంత్రంలో టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. నా బల్ల మీది కంప్యూటరు పాతది. అందులో అది లేదు. కనుక నా ముందు రెండు దారులు మిగిలాయి. నిక్షేపంగా పనిచేస్తున్న యంత్రాన్ని పక్కనబెట్టి కొత్తది కొనడం ఒకటి, ఉన్న యంత్రంలోనే లినక్సు పెట్టుకోవడం రెండవది.

ఒక కాగితం తీసుకొని నడుమ నిలువుగీత గీశాను. లినక్సుకు మారితే కలిగే లాభాలు ఎడమవైపు, నష్టాలు కుడివైపు. ఎడమవైపు చకచకా నిండింది: డబ్బు ఖర్చు లేదు, పాత యంత్రం మరి కొన్నేళ్ళు నడుస్తుంది, వైరస్‌ల బెడద తక్కువ. కుడివైపు రెండే రెండు మాటలు రాసి ఆగిపోయాను: "నాన్నగారి దస్త్రాలు." వాటి సంగతి చివర చెబుతాను. అంతకుముందు, ఇటువంటి కాగితాన్నే ముందు పెట్టుకొని ఒక నగరం దాదాపు 20 ఏళ్ళు ఎలా తర్జనభర్జన పడిందో చెప్పాలి. నా సందిగ్ధానికి సమాధానం నాకు ఆ చరిత్రలోనే దొరికింది.

* * *

జర్మనీలోని బవేరియా రాష్ట్రానికి రాజధాని మ్యూనిక్. 2000ల తొలినాళ్ళలో ఆ నగరపాలక సంస్థలో సుమారు 14 వేల కంప్యూటర్లు, వాటితో పనిచేసే ఉద్యోగులు 16 వేల మంది ఉండేవారు. ఆ యంత్రాలు చాలావరకు విండోస్ ఎన్‌టీ 4.0 మీద నడిచేవి. 1996లో వచ్చిన ఆ వ్యవస్థకు ఇక మద్దతు ఉండబోదని మైక్రోసాఫ్ట్ ప్రకటించడంతో నగరానికి చిక్కు వచ్చింది. పని చేయడం మానేసిందని కాదు. అద్దె ఇల్లు ఎంత బాగున్నా, ఇంటివారు ఖాళీ చేయమన్నప్పుడు చేయవలసిందే కదా!

విండోస్‌లోనే కొత్త రూపానికి మారడమా, లినక్సుకు వెళ్ళడమా అని తేల్చడానికి నగరం యూనిలాగ్ అనే సలహా సంస్థ చేత అధ్యయనం చేయించింది. ఆ సంస్థ తూకాన్ని రెండు రకాలుగా వేసింది. ఒకటి డబ్బు, రెండవది దీర్ఘకాలంలో నగరానికి కలిగే మేలుకీడులు. డబ్బు లెక్కలో మైక్రోసాఫ్ట్ వైపే మొగ్గు కనబడింది. మేలుకీడుల లెక్కలో మాత్రం 10,000 పాయింట్లకు గాను లినక్సుకు 6,218, మైక్రోసాఫ్టుకు 5,293 వచ్చాయి. ఒకే అధ్యయనంలో రెండు తక్కెడలు చెరోవైపు మొగ్గాయన్నమాట.

ఆ తరువాత జరిగింది అప్పటి పత్రికలన్నింటికీ ఎక్కింది. 2003 మార్చిలో మైక్రోసాఫ్ట్ అధినేత స్టీవ్ బామర్ స్విట్జర్లాండ్‌లో తన స్కీయింగ్ సెలవును మధ్యలో ఆపుకొని మేయరు క్రిస్టియన్ ఊడేను కలవడానికి మ్యూనిక్ వచ్చాడు. ఆ సంస్థ ధరను మూడోవంతుకు పైగా తగ్గించింది. అయినా 2003 మే 28న నగర మండలి లినక్సు వైపే తీర్మానించింది. చౌక అని కాదు, ఖర్చు ఎక్కువని తెలిసే తీసుకున్న నిర్ణయమది. ఎప్పుడు మారాలో, దేనికి మారాలో ఇకమీదట తామే నిర్ణయించుకోవాలన్నది వారి వాదన. లినక్సు పేరును, జర్మన్‌లో ఆ నగరం పేరైన మ్యుంషెన్‌ను కలిపి ఈ పథకానికి "లిముక్స్" అని పేరు పెట్టారు.

తీర్మానం ఒక్క రోజులో అయింది. మారడానికి మాత్రం పదేళ్ళు పట్టింది. 2004 వేసవిలో సాఫ్ట్‌వేర్ పేటెంట్ల విషయమై న్యాయపరమైన అనుమానాలు తలెత్తి పని కొంతకాలం ఆగింది. 2005లో లినక్సు రకాలలో ఒకటైన డెబియన్‌ను ఎంచుకున్నారు. మొదటి యంత్రాలు మారింది 2006లో.

ఇంత ఆలస్యం ఎందుకయిందన్నదే ఈ కథలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన భాగం. లినక్సును యంత్రంలోకి ఎక్కించడం గంట పని. కాని ఆ నగరంలో కంప్యూటర్ల నిర్వహణ ఒక్కచోట లేదు. ఒక్కొక్క శాఖకు సొంత సాంకేతిక విభాగం, సొంత పద్ధతి ఉండేవి. ఏళ్ళ తరబడి గుమాస్తాలు తయారుచేసుకున్న లేఖల నమూనాలు, వాటిలో దాగిన చిన్న చిన్న మాక్రోలు వేల సంఖ్యలో ఉన్నాయి. ఇవన్నీ వర్డ్, ఎక్సెల్ రూపాలలో ఉండిపోయినవే. కొన్ని శాఖల ప్రత్యేక ప్రోగ్రాములైతే విండోస్ మీద తప్ప నడవవు. ఇల్లు మారదామని సామాను కదిలిస్తే గాని అటక మీద ఎంత పేరుకుందో తెలియదంటారు. మ్యూనిక్‌కు జరిగినది అదే.

అందుకని వారు మంచి ఉపాయమే చేశారు. ముందు విండోస్ మీదనే ఓపెన్‌ఆఫీస్‌ను, ఫైర్‌ఫాక్స్, థండర్‌బర్డ్‌లను పెట్టి ఉద్యోగులకు అలవాటు చేశారు. పత్రాలను ఓడీఎఫ్ అనే బహిరంగ రూపంలోకి తెచ్చారు. ఆ రూపం 2006లో అంతర్జాతీయ ప్రమాణమైంది. లేఖల నమూనాల కోసం వోల్‌ముక్స్ అనే ప్రోగ్రామును తామే రాసుకొని, 2008లో దానిని అందరికీ ఉచితంగా విడుదల చేశారు. ఈ పనులన్నీ సాగిన చోటనే అడుగున ఉన్న విండోస్‌ను తీసి లినక్సును పెట్టారు. పత్రం ముందు, యంత్రం తరువాత అన్నమాట. ఈ వరుసను పాఠకులు గుర్తుంచుకోవాలి.

అనుకున్న గడువు దాటి కొన్నేళ్ళకు, 2013 చివరికి సుమారు 14,800 యంత్రాలు మారాయి. విండోస్‌తో ఉండి ఉంటే అయ్యే ఖర్చుతో పోలిస్తే కోటి యూరోలకు పైగా మిగిలిందని నగరం 2012లో లెక్క చెప్పింది. మైక్రోసాఫ్ట్ కోరగా హెచ్‌పీ చేసిన అధ్యయనం దీనికి పూర్తిగా విరుద్ధమైన లెక్క తీసింది. నగరం దానిని ఒప్పుకోలేదు. లెక్క ఎవరు వేస్తున్నారన్నది కూడా లెక్కలో భాగమేనని ఇలాంటి చోట్ల తెలుస్తుంది.

* * *

ఇల్లు అలకగానే పండగ కాదు. 2014లో ఊడే పదవీకాలం ముగిసి డీటర్ రైటర్ మేయరయ్యాడు. ఇద్దరిదీ ఒకే పార్టీ, అభిప్రాయాలు మాత్రం వేరు. ఉద్యోగుల నుంచి ఫిర్యాదులు ఉన్నాయనీ, ఫోన్లలో ఉత్తరాలు, క్యాలెండరు సరిగా అందడం లేదనీ చర్చ మొదలయింది. మైక్రోసాఫ్ట్ జర్మనీ ప్రధాన కార్యాలయం శివారు ఊరి నుంచి మ్యూనిక్ నగరంలోకి మారింది కూడా ఆ రోజుల్లోనే, 2016లో. ఈ రెండింటికీ ముడిపెట్టి మాట్లాడినవారు చాలామంది ఉన్నారు. ముడి ఉన్నదని రుజువు లేదు కనుక నేను ఆ వాదన జోలికి పోను.

ఫిర్యాదులన్నీ వట్టివని కొట్టివేయడం కూడా న్యాయం కాదు. బయటి కార్యాలయాల నుంచి వచ్చిన వర్డ్ పత్రాలు లిబ్రెఆఫీస్‌లో తెరిస్తే పట్టికలు చెదిరేవి. ప్రత్యేక ప్రోగ్రాముల కోసం విండోస్ యంత్రాలను కొన్నింటిని ఉంచుకోక తప్పలేదు. అంటే నగరం రెండు ఇళ్ళకూ అద్దె కడుతున్నట్టే. నగరం ఇల్లు మారింది గాని, ఇరుగుపొరుగు ఎవరూ మారలేదు. పత్రాలు ఇచ్చిపుచ్చుకోవలసింది వారితోనే. ఒంటరిగా మారినవారి కష్టం ఇక్కడే ఉంది.

2016లో ఆక్సెంచర్ తదితరులు చేసిన అధ్యయనం ఇబ్బందులకు చాలావరకు మూలం నగరం తన సాంకేతిక విభాగాలను నడుపుకొనే తీరులోనే ఉందని చెప్పింది. విండోస్‌ను తిరిగి అందుబాటులోకి తెమ్మనీ సూచించింది. ఆక్సెంచర్‌కు మైక్రోసాఫ్టుతో వ్యాపార భాగస్వామ్యం ఉందని విమర్శకులు ఎత్తిచూపారు. 2017 ఫిబ్రవరి 15న నగర మండలి మళ్ళీ విండోస్ వైపు మొగ్గింది. అదే ఏడాది నవంబరులో అందుకు సుమారు 5 కోట్ల యూరోల వ్యయాన్ని ఆమోదించింది.

కథ అక్కడా ఆగలేదు. 2020లో నగరంలో అధికారంలోకి వచ్చిన కొత్త కూటమి, సాధ్యమైన చోటల్లా బహిరంగ ప్రమాణాలను, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను వాడాలని తన ఒప్పందంలో రాసుకుంది. 2024 ఏప్రిల్‌లో జర్మనీ ఉత్తర కొసన ఉన్న ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రం తన 30 వేల యంత్రాలను లిబ్రెఆఫీస్‌కు, ఆపైన లినక్సుకు మార్చాలని నిర్ణయించింది. అక్కడ కూడా ముందు పత్రాలు, ఆ తరువాతే యంత్రం.

మ్యూనిక్ కథను కొందరు లినక్సు ఓటమిగాను, కొందరు రాజకీయ కుట్రగాను చెబుతారు. నాకు తోచేది వేరు. ఆ నగరం 2003లో అడిగిన ప్రశ్న "ఏ ఇల్లు మంచిది?" అని కాదు, "ఏ ఇంటి నుంచి మళ్ళీ సులువుగా బయటికి రాగలం?" అని. 2017లో విండోస్‌కు తిరిగి వెళ్ళేటప్పుడు ఓడీఎఫ్ పత్రాలను తెరవడానికి వారికి ఎవరి అనుమతీ అవసరం లేదు. ఆ రూపపు వివరాలు అందరికీ అందుబాటులో ఉన్నవే. పదేళ్ళ శ్రమలో ఆ ఒక్క లాభం మాత్రం నిర్ణయం తిరగబడినా పోలేదు.

* * *

ఇక నాన్నగారి దస్త్రాల సంగతి. ఆయన దివిసీమలో బడిపంతులుగా పనిచేశారు. 1977 నవంబరు 19 ఉప్పెనలో తమ ఊరు ఎలా మునిగిందో, ఎవరెవరు పోయారో, బతికినవారి ఇళ్ళకు వెళ్ళి అడిగి రాసుకున్నారు. 1998 ప్రాంతంలో దానిని డీటీపీ చేయించి, చేతిడబ్బుతో 50 ప్రతులు అచ్చువేయించి పంచిపెట్టారు. ఆయన పోయాక మా ఇంట్లో మిగిలింది చెదలు తిన్న ఒక్క ప్రతి, ఒక సీడీ.

ఆ సీడీలోని దస్త్రం తెలుగే గాని, కంప్యూటరు దృష్టిలో తెలుగు కాదు. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే సొంత చోటు ఉంది. కాని అప్పటి డీటీపీ ప్రోగ్రాములు దానిని వాడలేదు. ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన చోట్లలోనే తలకట్టును ఒకచోట, గుడిని ఒకచోట, వత్తును మరొకచోట ముక్కలుగా సర్దుకున్నాయి. ఆ సర్దుబాటు ఒక్కొక్క ఫాంటుకు ఒక్కొక్క తీరు. ఫాంటు ఉంటే నాన్నగారి వాక్యం. లేకపోతే అర్థంలేని లిపి. ఆ ఫాంటు, దానితో వచ్చిన పాత ప్రోగ్రాము నా ఒక్క విండోస్ కంప్యూటరులోనే మిగిలి ఉన్నాయి. నా కాగితంలో కుడివైపు రాసిన రెండు మాటల బరువు అది.

మ్యూనిక్ వరుసనే పాటించాను. యంత్రాన్ని ముట్టుకోకుండా ముందు పత్రాన్ని మార్చాను. ఫాంటు మార్పిడి ప్రోగ్రాములు చాలావరకు పని చేసిపెట్టాయి గాని, వట్రసుడి దగ్గర, క్ష దగ్గర, జంట వత్తుల దగ్గర తడబడ్డాయి. చెదలు తిన్న ప్రతిని పక్కన పెట్టుకొని 140 పుటలూ అక్షరం అక్షరం సరిచూశాను. చివర మృతుల జాబితా, 63 పేర్లు. అందులో ఒక సుబ్బమ్మగారి పేరు వత్తు రాలిపోయి "సుబమ్మ"గా మారింది. ఉప్పెన తరువాత ఆమె గురించి ఎక్కడైనా మిగిలినది ఆ మూడక్షరాలే కావచ్చు. ఆ వత్తు పెట్టిన రాత్రి నాకు అర్థమయింది, నేను ఇన్నాళ్ళూ తూచినది యంత్రాలను కాదని.

మూడు నెలల తరువాత లినక్సు పెట్టుకున్నాను. ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, డీటీపీవారికి అలవాటైన యాపిల్ వరుస కూడా అందులో దొరికాయి కనుక తెలుగు రాయడానికి ఇబ్బంది కలగలేదు. నష్టాలు లేవని చెప్పను. నా పాత స్కానరు దీనితో మాట్లాడడం మానేసింది. ఆదాయపు లెక్కలు వేసుకొనే ప్రోగ్రాము కోసం మా అబ్బాయి కంప్యూటరును అడగవలసి వస్తోంది. రెండు మూడేళ్ళలో నేనూ మ్యూనిక్ వలె వెనక్కి వెళతానేమో కూడా తెలియదు.

కాని ఆ 63 పేర్లు ఇప్పుడు యూనికోడ్‌లో, ఏ ప్రోగ్రామూ అవసరం లేని మామూలు పాఠ్యదస్త్రంగా ఉన్నాయి. ఒక ప్రతి నా దగ్గర, ఒకటి అక్కయ్య దగ్గర, ఒకటి ఆ ఊళ్ళోనే ఉన్న నాన్నగారి శిష్యుని దగ్గర. అక్కయ్య వాడేది విండోస్, ఆ శిష్యునికి ఉన్నది ఫోను మాత్రమే. ముగ్గురికీ సుబ్బమ్మగారి పేరు వత్తుతో సహా కనబడుతోంది.