యూనివర్సిటీ లైబ్రరీలో సినిమాలు, వీడియోలు ఎందుకు? చట్టం ఏం చెబుతోంది, మీరేం అడగొచ్చు?

2014 జూన్ 2 తెలంగాణ ఏర్పడిన రోజు. ఆ మర్నాటి దినపత్రిక కావాలంటే ఏదో ఒక పెద్ద లైబ్రరీకి వెళ్లి పాత ఫైళ్లు అడగొచ్చు. మరి ఆ రాత్రి టీవీలో వచ్చిన వార్తల బులెటిన్ మొదటి నుంచి చివరి దాకా చూడాలంటే ఎవరిని అడుగుతారు? యూట్యూబ్‌లో కొన్ని ముక్కలు దొరకొచ్చు. చానల్ తీసేస్తే అవీ ఉండవు.

అచ్చులో వచ్చినదాన్ని దాచడానికి మనకు ఒక ఏర్పాటు ఉంది. 1954లో వచ్చిన చట్టం ప్రకారం ప్రచురణకర్తలు తమ పుస్తకాల ప్రతులను కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికి, మరికొన్ని నిర్దేశిత గ్రంథాలయాలకు పంపాలి. 1956లో ఈ చట్టాన్ని సవరించి వార్తాపత్రికలను కూడా చేర్చారు. టీవీ బులెటిన్లు, వీడియోలు ఇందులో లేవు.

ఈ ఖాళీని కొంతవరకైనా పూడ్చగలిగేవి యూనివర్సిటీ లైబ్రరీలు. అవి ఈ పని ఎలా చేయగలవు, చట్టం ఎంతవరకు ఒప్పుకుంటుంది, విద్యార్థిగా లేదా పూర్వ విద్యార్థిగా మీరేం అడగొచ్చు? చూద్దాం.

లైబ్రరీకి వీడియోతో పనేంటి?

సినిమా అంటే వినోదం, లైబ్రరీ అంటే పుస్తకాలు అన్న అభిప్రాయం మనలో బలంగా ఉంది. కానీ కొన్ని విషయాలు అచ్చులో ఇమడవు. ఒగ్గు కథను పుస్తకంలో చదివితే కథ తెలుస్తుంది. డోలు దెబ్బ, కథకుడి అడుగు, ముందు కూర్చున్న జనం స్పందన తెలియవు. తోలుబొమ్మలాట, శస్త్రచికిత్స, కోర్టు తీర్పు వచ్చిన రోజు వీధిలో కనిపించిన వాతావరణం కూడా అంతే.

పాత సినిమాలు కూడా పరిశోధకుడికి సాక్ష్యాలే. అప్పటి వీధులు, బట్టలు, బస్సులు, మాట తీరు వాటిలో కనిపిస్తాయి. జర్నలిజం, చరిత్ర, భాషాశాస్త్రం, వైద్యం చదివేవాళ్లకు ఇది పాఠ్య సామగ్రి. అందుకే పుస్తకాలకు ఇచ్చినట్టే వీటికీ కేటలాగ్‌లో చోటు, కొనుగోలుకు బడ్జెట్, భద్రపరిచే బాధ్యత ఉండాలి.

ఒక వర్సిటీ లైబ్రరీ చేసి చూపించింది

దీనికి మంచి ఉదాహరణ అమెరికాలోని నాష్‌విల్‌లో ఉన్న వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ. అక్కడి పూర్వ విద్యార్థి పాల్ సింప్సన్ బీమా రంగంలో పనిచేసేవారు. 1968లో ఆయన టీవీ నెట్‌వర్క్‌ల దగ్గర వాకబు చేస్తే ఒక విషయం తెలిసింది. దేశమంతా చూసే సాయంత్రం వార్తల టేపులను రెండు వారాలు ఉంచి, ఆ తర్వాత చెరిపేస్తున్నారు. అది వియత్నాం యుద్ధం నడుస్తున్న కాలం, అధ్యక్ష ఎన్నికల సంవత్సరం కూడా. టీవీ ఆ ఘటనలను ఎలా చూపించిందో తర్వాత ఎవరైనా పరిశీలించాలన్నా ఆధారం మిగలదు.

సింప్సన్ తన యూనివర్సిటీని ఒప్పించారు. 1968 ఆగస్టు 5న మూడు ప్రధాన నెట్‌వర్క్‌ల సాయంత్రం వార్తలను రికార్డ్ చేయడం మొదలైంది. కొన్ని నెలల ప్రయోగంగా అనుకున్న పని దశాబ్దాలుగా సాగింది. టేపులు దాచడంతో ఆగకుండా, బులెటిన్‌లోని ఒక్కో వార్తకు విడిగా సారాంశం రాసి సూచిక తయారు చేశారు. దాంతో ఒక పేరు, ఒక ఊరు పట్టుకుని వెతికేవాళ్లకు కావలసిన భాగం దొరికింది.

సీబీఎస్ నెట్‌వర్క్ దీనికి అభ్యంతరం చెప్పి 1973లో కోర్టుకు వెళ్లింది. తీర్పు రాకముందే చట్టమే మారింది. టీవీ వార్తా కార్యక్రమాలను లైబ్రరీలు రికార్డ్ చేసి, పరిమితంగా కాపీలు ఇవ్వడానికి 1976 నాటి అమెరికా కాపీరైట్ చట్టంలో వెసులుబాటు కల్పించారు. కేసు ఉపసంహరణ అయింది. ఒక లైబ్రరీ దాచాలని పట్టుబట్టడంతో చట్టంలో దారి ఏర్పడింది.

మన దగ్గర ఏమున్నాయి?

యూనివర్సిటీల వీడియో మనకూ కొత్త కాదు. యూజీసీ 1984 ఆగస్టు 15న దూరదర్శన్‌లో 'కంట్రీవైడ్ క్లాస్‌రూమ్' ప్రసారాలు మొదలుపెట్టింది. ఆ పాఠాలు తయారు చేయడానికి యూనివర్సిటీల్లోనే మీడియా కేంద్రాలు ఏర్పాటు చేశారు. హైదరాబాద్‌లో ఉస్మానియాకు, ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీకి ఇలాంటి కేంద్రాలున్నాయి. వీటన్నిటినీ సమన్వయం చేసే కన్సార్షియం ఫర్ ఎడ్యుకేషనల్ కమ్యూనికేషన్ 1993లో ఏర్పడింది. 2017లో మొదలైన 'స్వయం ప్రభ' డీటీహెచ్ చానళ్లు ఈ దారిలో వచ్చినవే.

సినిమాల విషయానికొస్తే, పుణెలో 1964లో ఏర్పాటైన నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్ ఆఫ్ ఇండియా ముఖ్యమైనది. 2022లో దీన్ని ఎన్ఎఫ్‌డీసీలో కలిపారు. పరిశోధకులు ముందుగా దరఖాస్తు చేసుకుని అక్కడి సినిమాలు చూడొచ్చు.

ఇక పరిశోధన పత్రికల కోసం కేంద్రం 2024 నవంబరులో 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకాన్ని ఆమోదించింది. మూడేళ్లకు రూ.6,000 కోట్లు కేటాయించింది. ప్రభుత్వ విద్యాసంస్థల విద్యార్థులకు దాదాపు 13,000 పత్రికలు అందించడం దీని లక్ష్యం. సినిమాలు, డాక్యుమెంటరీలు ఇందులోకి రావు. వాటి ఖర్చు ఇప్పటికీ ఏ లైబ్రరీకి ఆ లైబ్రరీ చూసుకోవాల్సిందే.

క్లాసులో సినిమా వేయొచ్చా?

వేయొచ్చు. కాపీరైట్ చట్టం 1957లోని సెక్షన్ 52 దీనికి అవకాశం ఇస్తోంది. విద్యాసంస్థ కార్యక్రమాల్లో భాగంగా సినిమా ప్రదర్శించొచ్చు. అయితే చూసేవాళ్లు ఆ సంస్థ సిబ్బంది, విద్యార్థులు, వారి తల్లిదండ్రులు లేదా సంరక్షకులు, సంస్థ కార్యకలాపాలతో సంబంధం ఉన్నవాళ్లు మాత్రమే అయి ఉండాలి. బయటివాళ్లందరికీ గేటు తెరిచి, టికెట్ పెట్టి వేస్తే ఈ మినహాయింపు వర్తించదు.

లైబ్రరీ డీవీడీ ఇంటికి ఇవ్వొచ్చా?

ఇవ్వొచ్చు. 2012 సవరణలో 'వాణిజ్యపరమైన అద్దె' అంటే ఏమిటో చట్టం నిర్వచించింది. లాభాపేక్ష లేని లైబ్రరీ లేదా విద్యాసంస్థ, చట్టబద్ధంగా కొన్న సినిమా కాపీని లాభం కోసం కాకుండా అరువిస్తే అది ఆ నిర్వచనంలోకి రాదు. అంటే కొన్న డీవీడీని పుస్తకంలా అరువు ఇవ్వడానికి ఇబ్బంది లేదు. పైరసీ కాపీకి ఈ రక్షణ ఉండదు.

పాత క్యాసెట్‌ను డిజిటల్‌లోకి మార్చొచ్చా?

అదే 2012 సవరణ ఇక్కడా ఒక దారి చూపింది. లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం తన దగ్గర డిజిటల్ కాని కాపీ ఉంటే, భద్రపరచడం కోసం దాన్ని ఎలక్ట్రానిక్ రూపంలో నిల్వ చేసుకోవచ్చు. చట్టం వాడిన మాట 'ప్రజా గ్రంథాలయం' కాబట్టి, యూనివర్సిటీలు పని మొదలుపెట్టే ముందు న్యాయ సలహా తీసుకోవడం మంచిది. ఒకటి గుర్తుంచుకోండి. దాచుకునే అనుమతి ఉందంటే యూట్యూబ్‌లో పెట్టే అనుమతి ఉన్నట్టు కాదు.

స్ట్రీమింగ్ ఉండగా ఇదంతా అవసరమా?

చాలామందికి వచ్చే సందేహమే ఇది. ఓటీటీలో వేల సినిమాలు ఉన్నాయిగా అనిపిస్తుంది. కానీ రెండు తేడాలున్నాయి.

మొదటిది, ఓటీటీ చందా సాధారణంగా వ్యక్తిగత వాడకానికే. మీ ఖాతాతో ఇంట్లో చూడొచ్చు గానీ, దాన్నే లైబ్రరీ తన సేవగా పాఠకులకు ఇవ్వడం కుదరదు.

రెండోది ఇంకా ముఖ్యం. డీవీడీ కొంటే అది లైబ్రరీ సొత్తు. స్ట్రీమింగ్‌లో లైబ్రరీ కొనేది కాపీని కాదు, కొంత కాలం చూసే అనుమతిని. గడువు తీరినా, హక్కుదారు ఒప్పందం ఆపేసినా అల్మారా ఖాళీ.

లైబ్రరీల కోసమే నడిచే స్ట్రీమింగ్ సేవలు కూడా ఉన్నాయి. ఆస్ట్రేలియాలో 2008లో మొదలైన కానోపీ వాటిలో ఒకటి. పాఠకుడికి అది ఉచితం. లైబ్రరీ మాత్రం వాడకాన్ని బట్టి చెల్లించాలి. చూసేవాళ్లు పెరిగేకొద్దీ బిల్లూ పెరుగుతుంది. ఈ ఖర్చు మోయలేమంటూ న్యూయార్క్ నగరంలోని మూడు ప్రజా గ్రంథాలయ వ్యవస్థలు 2019లో ఆ సేవను ఆపేశాయి. పుస్తకం ఎక్కువమంది చదివితే లైబ్రరీకి సంతోషం. ఇక్కడ ఎక్కువమంది చూస్తే లైబ్రరీకి భయం.

అసలు సమస్య: హక్కుకు 60 ఏళ్లు, టేపుకు 30 ఏళ్లు

మన చట్టంలో సినిమాపై కాపీరైట్ విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు ఉంటుంది. 1957లో వచ్చిన 'మాయాబజార్'ను తీసుకుంటే ఆ గడువు 2017 డిసెంబరు 31తో ముగిసినట్టు లెక్క. పాటలు, కథ వంటి రచనల హక్కులకు లెక్క వేరు. వాటికి రచయిత మరణం తర్వాత 60 ఏళ్లు. 2010లో రంగుల్లోకి మార్చిన వెర్షన్ లాంటివాటి హక్కులనూ విడిగా చూసుకోవాలి.

మరి ఆ సినిమా ఉన్న వస్తువు ఎన్నేళ్లు ఉంటుంది? వీడియో టేపు ఆయుష్షు సాధారణంగా 10 నుంచి 30 ఏళ్లని చెబుతారు. మన ఉక్కపోత, దుమ్ముకు ఇంకా తగ్గొచ్చు. ఫిల్మ్ రీళ్లదీ ఇదే కథ. పాత నైట్రేట్ ఫిల్మ్‌కు మంటల ప్రమాదం. తర్వాత వచ్చిన ఎసిటేట్ ఫిల్మ్ పాడైతే వెనిగర్ వాసన వచ్చి ముడుచుకుపోతుంది.

టేపు బాగున్నా నడిపే యంత్రం ఉండాలి. వీసీఆర్‌లు తయారు చేస్తున్న చివరి సంస్థగా పేరున్న జపాన్‌కు చెందిన ఫునాయ్ 2016లో ఉత్పత్తి ఆపేసింది. యంత్రాలు, విడిభాగాలు కరువవుతున్నందున 2025 నాటికే టేపులను డిజిటల్‌లోకి మార్చుకోవాలని యునెస్కో భాగస్వామిగా ఉన్న ఒక ప్రాజెక్టు 2019లోనే హెచ్చరించింది. ఆ గడువు కూడా వచ్చేసింది.

మధ్యలో ఎవరూ కాపాడకపోతే ఏమవుతుందో చెప్పడానికి మన తొలి టాకీ 'ఆలం ఆరా' చాలు. 1931 మార్చి 14న విడుదలైంది. హక్కుల గడువు ఎప్పుడో తీరిపోయింది, ఎవరైనా చూడొచ్చు. కానీ ఇప్పటిదాకా దాని ప్రింటు దొరకలేదు.

హక్కుదారుకు లాభం లేదనిపించిన రోజు నుంచి, అందరికీ హక్కు వచ్చే రోజు దాకా మధ్యలో చాలా ఏళ్లుంటాయి. ఆ ఏళ్లలో కాపీని నిలబెట్టే పని మార్కెట్ చేయదు. లైబ్రరీలు, ఆర్కైవ్‌లు చేయాల్సిన పని అది.

మీరేం చేయొచ్చు?

• కేటలాగ్‌లో వెతకండి. మీ వర్సిటీ లైబ్రరీ ఆన్‌లైన్ కేటలాగ్‌లో పుస్తకాలతో ఆగకుండా సీడీ, డీవీడీ, వీడియో క్యాసెట్ల విభాగం ఉందేమో చూడండి. కనిపించకపోతే కౌంటర్‌లో అడగండి. 'నాన్ బుక్ మెటీరియల్' అంటే సిబ్బందికి తెలుస్తుంది.

• విభాగాల్లోనూ వాకబు చేయండి. జర్నలిజం, థియేటర్, జానపద కళల విభాగాల బీరువాల్లో కేటలాగ్‌లోకి ఎక్కని టేపులు ఉండొచ్చు. వాటిని లైబ్రరీ జాబితాలో చేర్చమని కోరండి. జాబితాలో లేనిది పోయినా ఎవరికీ తెలియదు.

• కొనమని రాసివ్వండి. పుస్తకాలకు ఉన్నట్టే చాలా లైబ్రరీల్లో సూచనల ఫారం ఉంటుంది. పేరు, దర్శకుడు, ఏ కోర్సుకు అవసరమో రాస్తే బలం ఉంటుంది. అధ్యాపకుడి సంతకం ఉంటే ఇంకా మంచిది.

• సబ్‌టైటిళ్లు అడగండి. వైకల్యం ఉన్నవాళ్లకు అందుబాటు రూపంలో కాపీ తయారు చేయడానికి కాపీరైట్ చట్టంలో మినహాయింపు ఉంది. వినికిడి లోపం ఉన్న విద్యార్థి దీన్ని ప్రస్తావించి అడగొచ్చు.

• మీ ఇంట్లోని టేపులు చూసుకోండి. ఊరి నాటకం, ఉద్యమ సభ, పాత ఇంటర్వ్యూ లాంటివి ఉంటే పారేయకండి. టేపును నిలువుగా, ఎండ, తేమ తగలని చోట ఉంచండి. తేదీ, ఊరు, కనిపించేవాళ్ల పేర్లు కాగితంపై రాసి జత చేయండి. బూజు పట్టినట్టుంటే ప్లేయర్‌లో పెట్టొద్దు, టేపూ యంత్రమూ రెండూ పాడవుతాయి. వీహెచ్ఎస్ క్యాసెట్ వెనుక అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ బిళ్లను విరిచేస్తే పొరపాటున దానిపై మళ్లీ రికార్డ్ అవ్వదు.

• ఇచ్చేటప్పుడు రాతపూర్వకంగా ఇవ్వండి. లైబ్రరీకి ఇస్తుంటే ఎవరు తీశారు, ఎవరు చూడొచ్చు, డిజిటల్‌లోకి మార్చడానికి అనుమతి ఉందా అన్నవి ఒక పేజీలో రాసి సంతకం చేయండి. ఈ ఒక్క పేజీ లేకపోతే రేపు లైబ్రరీ ఆ వీడియోను ఎవరికీ చూపించలేని పరిస్థితి రావొచ్చు.

వాండర్‌బిల్ట్‌లో పని మొదలైంది ఒక పూర్వ విద్యార్థి అడిగిన ప్రశ్నతో. పాత టేపులు ఎక్కడున్నాయని ఆయన అడిగారు. మీ వర్సిటీ లైబ్రరీలో అదే ప్రశ్న మీరూ అడగొచ్చు. వీలైతే ఈ ఏడాదే అడగండి, టేపులు ఎక్కువ కాలం ఆగవు.