నార్‌ఫక్ పటాలాల నుదుటిరాత

1941 నవంబరు. కెనడాలోని హాలిఫాక్స్ రేవు. బ్రిటన్ నుంచి వచ్చిన వేలాదిమంది సైనికులు తమ ఓడలు దిగి, అక్కడ ఆగి ఉన్న అమెరికా నౌకలెక్కారు. అప్పటికి అమెరికా యుద్ధంలోనే లేదు. పెర్ల్ హార్బర్ మీద బాంబులు పడటానికి ఇంకా నెల రోజులుంది. అయినా బ్రిటిష్ సైన్యాన్ని గుట్టుగా మోసుకెళ్లడానికి ఒప్పుకుంది. ఆ ఎక్కినవాళ్లు 18వ డివిజన్ వాళ్లు. అందులో మూడు పటాలాలు ఇంగ్లండ్ తూర్పు తీరంలోని నార్‌ఫక్ ప్రాంతం నుంచి వచ్చినవే. రాయల్ నార్‌ఫక్ రెజిమెంట్ 4, 5, 6 బెటాలియన్లు. పశ్చిమాసియా వెళ్తున్నామనుకుంటూ బయల్దేరారు. ఓడలు కేప్‌టౌన్ చేరేసరికి జపాన్ యుద్ధంలోకి దూకింది. దాంతో పైనుంచి వచ్చిన ఉత్తర్వులూ మారాయి. ఎడారిలో పోరాడాల్సినవాళ్లు మలయా అడవుల్లో తేలారు.

ఈ రెజిమెంట్ కథ ఎక్కడ రాసినా ముందు చెప్పేది బ్రిటన్ అత్యున్నత శౌర్య పతకాలు, అయిదు విక్టోరియా క్రాస్‌ల గురించి. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యంలోని మరే రెజిమెంటుకూ అన్ని రాలేదు. నిజమే, గొప్పే. కానీ సింగపూర్‌కు వెళ్లిన ఆ మూడు పటాలాలకు అందులో ఒక్కటీ దక్కలేదు. ఈ రెజిమెంటు యుద్ధ చరిత్రను పతకాలతో కొలిస్తే సగం కథ చేజారిపోతుంది.

బ్రిటిష్ పదాతిదళంలో రెజిమెంట్ అంటే అందరూ ఒకచోట నిలబడి పోరాడే సేన కాదు. అదొక ఇంటిపేరు. ఇంటిపేరు ఒకటే, కాపురాలు మాత్రం వేరు. 1685లో పుట్టి, 1881లో నార్‌ఫక్ పేరు పెట్టుకుని, 1935లో 'రాయల్' బిరుదు పొందిన ఈ రెజిమెంటులో ఒకటి, రెండు బెటాలియన్లు ఏడాది పొడవునా కొలువు చేసే సైనికులవి. నాలుగు నుంచి ఏడు వరకు టెరిటోరియల్ పటాలాలు. రోజూ తమ పని తాము చేసుకుంటూ, తీరిక వేళల్లో కవాతు చేసే గుమాస్తాలూ, పాలేర్లూ, దుకాణాల్లో కుర్రాళ్లూ వీటిలో ఉండేవారు. ఒక మనిషి ఫ్రాన్స్‌లో చస్తాడా, బర్మాలో బతుకుతాడా అన్నది చాలావరకు అతని పటాలం నంబరు మీద ఆధారపడింది.

పక్కపక్క ఊళ్లవాళ్లను ఒకే పటాలంలో చేర్చుకుంటే కలిసికట్టుగా నిలబడతారు. దెబ్బ తగిలితే మాత్రం ఆ ఊళ్లన్నీ ఒకే వారం ఏడుస్తాయి. మొదటి ప్రపంచ యుద్ధంలోనే నార్‌ఫక్‌కు ఇది తెలిసొచ్చింది. 1915 ఆగస్టు 12న గలిపోలీలోని సువ్లా మైదానంలో ఐదో పటాలం ముందుకు సాగింది. అందులో ఒక కంపెనీలో సాండ్రింగ్‌హామ్‌లోని రాజుగారి ఎస్టేటు పనివాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లను కూడగట్టింది ఎస్టేటు వ్యవహారాలు చూసే కెప్టెన్ ఫ్రాంక్ బెక్. ఆయనా తిరిగి రాలేదు. పొగలో, చెట్ల మధ్య కలిసిపోయి మళ్లీ కనిపించలేదని పైవాళ్లు నివేదిక రాయడంతో, 'మాయమైన పటాలం' అన్న పేరు స్థిరపడింది. యాభై ఏళ్ల తర్వాత, ఒక మేఘం కిందికి దిగి వాళ్లను ఎత్తుకుపోయిందనే కథ కూడా పుట్టింది. ఈ కథకు ఇప్పటికీ గిరాకీ ఉంది. అసలు సంగతి 1919లోనే బయటపడింది. సమాధుల గాలింపులో ఆ మైదానంలోనే దాదాపు 180 శవాలు దొరికాయి. వాటిలో 122 నార్‌ఫక్ వాళ్లవని గుర్తుపట్టారు. తుర్కుల తుపాకులకు మేఘం సాయం అక్కర్లేకపోయింది. అదే యుద్ధంలో బెల్గాం కంటోన్మెంటు నుంచి మెసపొటేమియా వెళ్లిన రెండో పటాలం కుత్ పట్టణంలో చిక్కుకుని, 1916 ఏప్రిల్ 29న భారతీయ దళాలతోపాటు లొంగిపోయింది.

రెండో యుద్ధంలోనూ మొదటి పెద్ద దెబ్బ ఆ రెండో పటాలానికే తగిలింది. 1940 మేలో బ్రిటిష్ సేనలు డంకర్క్ వైపు వెనక్కి జరుగుతుంటే, వాళ్లకు వ్యవధి ఇవ్వడానికి ఈ పటాలం అడ్డు నిలిచింది. మే 21న ఎస్కో నది ఒడ్డున కంపెనీ సార్జెంట్ మేజర్ జార్జ్ గ్రిస్టాక్ రెండు కాళ్లకూ గాయాలై కుడి మోకాలు నుజ్జయినా శత్రు మెషిన్‌గన్ నోరు మూయించాడు. ఆ అయిదు విక్టోరియా క్రాస్‌లలో మొదటిది ఆయనదే. జూన్‌లో ఆసుపత్రిలో కన్నుమూశాడు. మే 27న ల పారదీ అనే పల్లెలో తూటాలు అయిపోయి మిగిలినవాళ్లు లొంగిపోయారు. నాజీల ఎస్.ఎస్. టోటెన్‌కోప్ఫ్ దళం వాళ్లు 99 మందిని ఓ కొట్టం గోడ పక్కకు నడిపించి, రెండు మెషిన్‌గన్లతో కాల్చేశారు. కదిలినవాళ్లను బాయ్‌నెట్లతో పొడిచారు. 97 మంది చచ్చిపోయారు.

ఇద్దరు బతికారు, ఆల్బర్ట్ పూలీ, విలియం ఓకలహాన్. శవాల కింది నుంచి పాక్కుంటూ వచ్చి పందుల దొడ్డిలో దాక్కున్నారు. పచ్చి బంగాళాదుంపలు తిని, గుంటల్లో నీళ్లు తాగి రోజులు గడిపారు. ఆ పొలం సొంతదారు మేడమ్ క్రెటన్, ఆమె కొడుకు వీళ్లను చూసి, పట్టుబడితే తమ ప్రాణాలూ పోతాయని తెలిసీ తిండి పెట్టారు. చివరికి ఇద్దరూ జర్మన్ల చేతికే చిక్కారు. గాయాల వల్ల 1943లో ఇంటికి పంపేస్తే పూలీ జరిగింది చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. జర్మన్లు బ్రిటిష్ ఖైదీల పట్ల అంత ఘోరానికి ఒడిగట్టరని అధికారుల అభిప్రాయం! యుద్ధం ముగిశాక అతను మళ్లీ ఆ పల్లెకు వెళ్లి సాక్ష్యం కూడగట్టుకోవాల్సి వచ్చింది. కాల్పులకు ఆదేశమిచ్చిన ఫ్రిట్జ్ క్నోచ్‌లైన్‌ను హాంబర్గ్‌లో బ్రిటిష్ సైనిక కోర్టు విచారించింది. 1949 జనవరిలో ఉరి తీశారు.

మొదటి పటాలం 1944 జూన్ 6న నార్మండీ తీరంలో దిగింది. ఆగస్టులో పోరాడి ప్రాణం విడిచిన ఆ పటాలం కార్పొరల్ సిడ్నీ బేట్స్‌కు మరణానంతరం పతకం వచ్చింది. పేరుకు నార్‌ఫక్ రెజిమెంటేగానీ బేట్స్ లండన్ కుర్రాడు. యుద్ధం ముదిరేకొద్దీ ఊరి లెక్కలు పోయి, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ నింపడమే మిగిలింది. అదే వారంలో ఏడో పటాలం కెప్టెన్ డేవిడ్ జేమీసన్ గ్రింబాస్క్ దగ్గర శత్రువు కాల్పుల మధ్యే టాంకు దాకా వెళ్లి, ఎటు కాల్చాలో చూపించాడు. అయిదుగురిలో ప్రాణాలతో పతకం అందుకున్నది ఆయన ఒక్కడే. ఆ పటాలం ఉన్న డివిజన్‌ను అదే నెలలో రద్దు చేశారు. మనుషులు చాలడం లేదట. పతకం తెచ్చిన పటాలమని ఎవరూ చూడలేదు.

ఫ్రాన్స్‌లో చితికిపోయిన రెండో పటాలాన్ని కొత్తవాళ్లతో నింపి 1942లో మన దేశానికి పంపారు. రెండేళ్లకు అది నాగా కొండల్లో ఉంది. కోహిమాను జపాన్ సైన్యం చుట్టుముట్టింది. ఊరికి దక్షిణాన జీపీటీ రిడ్జ్ అనే కొండ శత్రువు చేతిలో ఉంది. నేరుగా పోతే చావే. అందుకని పటాలం కొండల వెనకనుంచి, వానలో, దారే లేని అడవిలో చుట్టు తిరిగి వచ్చింది. దారి చూపినవాళ్లు నాగాలు, మూటలు మోసినవాళ్లూ నాగాలే. మే 4న దాడి. పై అధికారి గాయపడితే కెప్టెన్ జాన్ నీల్ రాండిల్ కంపెనీ పగ్గాలు తీసుకున్నాడు. అతని మోకాలికీ గ్రెనేడ్ ముక్కలు తగిలాయి. మే 6న ఒక బంకరు నుంచి మెషిన్‌గన్ ఆగకుండా కాలుస్తుంటే ఒంటరిగా దాని మీదికి పరిగెత్తాడు. ఒళ్లంతా తూటాలు దిగినా బంకరు కంతలోంచి గ్రెనేడ్ వేసి, లోపలివాళ్లు తప్పించుకోకుండా ఆ కంతకు తన శరీరాన్నే అడ్డం పెట్టాడు. అతని బావమరిది లెస్లీ మాన్సర్ వైమానికుడు. ఆయన 1942లో కొలోన్ దాడి నుంచి తిరిగొస్తూ చనిపోయి విక్టోరియా క్రాస్ పొందాడు. ఒకే ఇంట్లో రెండు పతకాలన్నమాట, రెండూ మరణానంతరమే. అయిదో పతకం బర్మాలో కమాండోలతో కలిసి పోరాడి చనిపోయిన లెఫ్టినెంట్ జార్జ్ నౌలాండ్‌ది.

ఇక సింగపూర్‌కు వెళ్లిన ఆ మూడు పటాలాలు. ఆరో పటాలం దాదాపు పదకొండు వారాలు ఓడల్లోనే గడిపి 1942 జనవరి 13న సింగపూర్‌లో దిగింది. దిగిన కొద్ది రోజులకే మలయా దక్షిణాన జొహోర్ అడవుల్లోకి నెట్టారు. మనుషులు ఓడ ప్రయాణంతో డీలాపడి ఉన్నారు. అడవిలో పోరాడే శిక్షణ లేదు. ఎదురుగా ఉన్నది నెలరోజులుగా గెలుస్తూ వస్తున్న సైన్యం. నాలుగో పటాలం జనవరి 29న వచ్చింది. ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయింది. అంటే రెండేళ్లకు పైగా శిక్షణ పొందిన నాలుగో పటాలంవాళ్లు దిగిన పదిహేడు రోజులకే ఖైదీలయ్యారు. నేల చేజారిపోతోందని తెలిసీ ఒక డివిజన్ మొత్తాన్ని అందులో పోయడం ముమ్మాటికీ పై అధికారుల తప్పు. శిక్ష అనుభవించింది మాత్రం నార్‌ఫక్ పాలేర్లు.

ఆ పతనం సెగ మనకూ తగిలింది. బంగాళాఖాతం జపాన్ నౌకలకు తెరుచుకుంది. ఏడు వారాల తర్వాత, ఏప్రిల్ 6న, విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు పడ్డాయి.

ఖైదీల్లో ఎందరినో థాయ్‌లాండ్ నుంచి బర్మాకు 415 కిలోమీటర్ల రైలుమార్గం వేయడానికి తరలించారు. కొండరాళ్లను సుత్తి, ఉలి, మందుగుండుతో పగలగొట్టడం, గట్లు పోయడం, చేతికి గిన్నెడు అన్నం. కలరా, విరేచనాలు, కాళ్లలో కుళ్లే పుండ్లు. 1943 అక్టోబరులో పట్టాలు కలిసే నాటికీ, ఆ తర్వాతా అక్కడ చనిపోయిన యుద్ధఖైదీలు 12 వేలకు పైనే. వాళ్లలో నార్‌ఫక్ వాళ్లు ఎందరో. చెరలో ఉండి బతికొచ్చిన ఒక మతాచార్యుడు నార్‌ఫక్‌లోని విండమ్‌లో ఆ ఖైదీల స్మృతికోసం చర్చి కట్టించాడు. చెరలో చనిపోయినవాళ్ల పేర్లు ఆ చర్చిలో పుస్తకాల్లో రాసి ఉంచారు.

అదే గట్టు మీద, అదే తట్టలతో పనిచేసిన ఆసియా కూలీలు రెండు లక్షల దాకా ఉంటారు. చనిపోయినవాళ్లు దాదాపు తొంభై వేలని అంచనా. వాళ్లలో మలయా రబ్బరు తోటల నుంచి పట్టుకుపోయిన తమిళులు ఎందరో. విశాఖ, గోదావరి ప్రాంతాల నుంచి తోటపనికి వెళ్లిన తెలుగువాళ్లూ ఉన్నారు. థాయ్‌లాండ్‌లోని కాంచనబురి శ్మశానవాటికలో దాదాపు ఏడు వేలమంది సైనికుల సమాధులు వరుసల్లో ఉన్నాయి. కూలీలకు అలాంటి వరుసలు లేవు, పుస్తకాలూ లేవు. మీ ఇంట్లో పెద్దలెవరైనా 'మా తాత మలయా వెళ్లి తిరిగి రాలేదు' అని చెప్పి ఉంటే, ఆయన పేరు, ఊరు, పనిచేసిన తోట పేరు తెలిసినంత మేరకు అడిగి రాసిపెట్టండి. అడగడానికి మనుషులు మిగిలున్నప్పుడే ఆ పని కావాలి.