చేయువాడు – వాడువాడు: స్వేచ్ఛా సాఫ్టువేరు చరిత్రలో ఒక ఘట్టము

“చెప్పేవానికి వినేవాడు లోకువ” అని మన పెద్దలు ఊరక అనలేదు. వస్తువును చేయువానికి దానిని వాడువాడు లోకువగుట కూడ లోకములో తరచు కనిపించు విషయమే. వాడువానికి సర్వహక్కులు ఇచ్చెదమని ప్రతిజ్ఞ పట్టి బయలుదేరిన ఉద్యమములో సైతము ఈ లోకువ తప్పలేదా? తప్పనిచో దానిని సవరించుటకు ఎవరు ఏమి చేసినారు? కంప్యూటరు లోకములో స్వేచ్ఛా సాఫ్టువేరు అని పేరొందిన ఉద్యమచరిత్రను ఈ దృష్టితో ఒకసారి పరిశీలింతము.

కంప్యూటరు చేయవలసిన పనిని వరుసగా నిర్దేశించు ఆజ్ఞల సముదాయమే సాఫ్టువేరు. మనుష్యులు చదివి దిద్దుటకు వీలైన రూపములో ఉన్న ఆజ్ఞలను మూలపాఠమందము. యంత్రమునకు మాత్రమే అర్థమగు రూపము వేరొకటి కలదు. వ్యాపారసంస్థలు సామాన్యముగా ఈ రెండవ రూపమునే అమ్మి, మూలపాఠమును తమ వద్ద దాచుకొనుట ఆచారమైనది.

1980 ప్రాంతమున అమెరికాలో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి చెందిన కృత్రిమమేధా ప్రయోగశాలకు ఒక కొత్త లేజరు ప్రింటరు వచ్చినది. అందులో కాగితము తరచు చిక్కుకొనుచుండెడిది. దగ్గరకు వెళ్లి చూచినగాని ఆ సంగతి తెలిసెడిది కాదు. అక్కడ పనిచేయు రిచర్డ్ స్టాల్‌మన్ అంతకు పూర్వపు ప్రింటరు ప్రోగ్రామును తానే దిద్ది, కాగితము చిక్కినప్పుడు ఆ వార్త వాడువారి తెరలపై కనిపించునట్లు ఏర్పాటు చేసియున్నాడు. కొత్త యంత్రమునకు అట్లు చేయుటకు మూలపాఠము లేదు. అది కలిగిన వేరొక విశ్వవిద్యాలయపు వ్యక్తిని అడుగగా, ఎవరికిని ఇయ్యనని తాను మాట యిచ్చితినని ఆయన నిరాకరించినాడు. ఇట్టి అనుభవములే స్టాల్‌మన్‌ను కదిలించినవి. 1983 సెప్టెంబరు 27న ఆయన గ్నూ అను స్వేచ్ఛా సాఫ్టువేరు నిర్మాణమును ప్రకటించినాడు. 1985లో ఫ్రీ సాఫ్టువేర్ ఫౌండేషన్ వెలసినది. ప్రోగ్రామును ఏ పనికైనను వాడుకొనుట, చదివి మార్చుకొనుట, ఇతరులకు పంచుట, మార్చిన ప్రతిని పంచుట అను నాలుగు స్వేచ్ఛలు ఈ ఉద్యమమునకు పునాదులైనవి.

ఇచ్చట ఒక సూక్ష్మమును గమనింపవలెను. ప్రింటరు వలన బాధపడిన వాడుకరి స్వయముగా ప్రోగ్రాములు వ్రాయగల నేర్పరి. మూలపాఠము చేతికి వచ్చినచో ఆయన బాధ తీరును. ఆఫీసు గుమాస్తాకు, బడిపంతులుకు, చిల్లరకొట్టు లెక్కలు వ్రాయువానికి అదే మూలపాఠమును ఇచ్చినను ప్రయోజనమేమి? చదువురాని వానికి గ్రంథాలయపు తాళపుచెవి ఇచ్చినట్లే. హక్కు అందరిది, దానిని అనుభవించు శక్తి కొందరిది. తక్కినవారు నేర్పరులతో తమ కష్టము చెప్పుకొనవలసినదే. చెప్పినది వినవలెనను నియమము ఆ నాలుగింటిలో లేదు.

1991 ఆగస్టులో ఫిన్లండు దేశపు విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్, పిమ్మట లినక్సుగా ప్రసిద్ధమైన తన కృషిని గూర్చి ప్రకటించుచు, ఏయే సదుపాయములు కావలెనో చెప్పుడని చదువరులను అడిగినాడు. సలహాలను స్వాగతించెదను గాని అన్నియు అమలుచేసెదనని మాట ఇయ్యజాలననియు వెంటనే తెలిపినాడు. చేయువానికిని వాడువానికిని గల సంబంధమంతయు ఆ రెండు మాటలలో ఇమిడియున్నది.

ఈ సంబంధమునకు లిఖితరూపము కల్పించినవారు డెబియన్ సంఘమువారు. 1993లో ఇయన్ మర్డాక్ ప్రారంభించిన ఈ సంఘము 1997 జులైలో సామాజిక ఒప్పందమును ఆమోదించినది. వాడుకరుల ప్రయోజనమును, స్వేచ్ఛా సాఫ్టువేరును ముందుంచుకొందుమనియు, లోపములను దాచక ఫిర్యాదుల పట్టికను ఎల్లవేళల బహిరంగముగా ఉంచెదమనియు అందులో వాగ్దానము చేసిరి. అడగనిదే అమ్మయినా పెట్టదు గదా! అడుగుటకు ఇట్లు ఒక ద్వారము తెరువబడినది. కాని 1998 నాటి వారి రాజ్యాంగము ప్రకారము వోటుహక్కు సంఘసభ్యులకే గాని వాడుకరులకు లేదు. రేడియో కేంద్రమునకు ఉత్తరములు వ్రాయు శ్రోతలకు ఈ భేదము తెలియనిది కాదు: ఉత్తరము అందుట వేరు, కార్యక్రమము మారుట వేరు.

మరియు ఫిర్యాదు వ్రాయుటకును కొంత తెలివిడి కావలెను. అది లేక ఊరకుండువారి సంగతియేమి? 1997లో మెక్సికో యువకులు ఇద్దరు ప్రారంభించిన గ్నోమ్ అను తెరముంగిలి విషయమున దీనికొక ఉపాయము పన్నబడినది. 2001లో సన్ మైక్రోసిస్టమ్స్ వారు కొందరిని కంప్యూటర్ల ముందు కూర్చుండబెట్టి, చిన్న చిన్న పనులు అప్పగించి, వారెచ్చట తడబడుదురో గమనించి నివేదిక ప్రకటించినారు. నోరు విప్పని వాడుకరి తడబాటు కూడ సాక్ష్యమైనది. 2002లో వచ్చిన గ్నోమ్ రెండవ రూపములో తికమక పెట్టు అమరికలు పెక్కు తొలగింపబడినవి. కొత్తవారికి సుఖమైనది; వానికి అలవాటుపడిన పాతవారు గొణిగినారు. వాడుకరి అనగా ఒక్కడు కాడని అప్పుడు స్పష్టమైనది.

2011 ఏప్రిలులో మూడవ రూపము వెలువడినప్పుడు ఆ గొణుగుడు తిరుగుబాటుగా మారినది. అలవాటైన ముంగిలి సమూలముగా మారి, విండోను క్రిందికి దించు బొత్తాము సైతము మాయమైనది. ఆ సంవత్సరమే అర్జెంటీనాకు చెందిన ఒక వాడుకరి, విడువబడిన రెండవ రూపపు మూలపాఠమును గైకొని, తమ ఖండపు పానీయము పేరిట మాటే అను శాఖను ప్రారంభించినాడు. మూలపాఠము బహిరంగముగా ఉండబట్టియే ఇది సాధ్యపడినది. ఒక నేర్పరి ముందునకు రాగా, నేర్పులేని అనేకులకు తమ పాత ముంగిలి దక్కినది. 2013లో గ్నోమ్ వారును పాత పద్ధతిని పోలిన అమరికనొకదానిని తామే చేర్చినారు. విడిపోవు స్వేచ్ఛ యున్నచోట వినిపించుకొనుటకు కారణముండును.

తెలుగువారికి ఈ చరిత్రలో పాలు లేకపోలేదు. ప్రోగ్రాము వ్రాయుట రాకున్నను మాతృభాష తెలిసినవాడు చేయదగిన పని అనువాదము. గ్నోమ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రెఆఫీస్ మొదలగువాని తెరలపై కనిపించు తెలుగు మాటలలో స్వచ్ఛంద సేవకుల కృషి కలదు. తెలుగు వికీపీడియాలో కనిపించు “వాడుకరి”, “దస్త్రం” అను మాటలు ఏ సంస్థయో విధించినవి కావు, వాడుకొనువారే ఎన్నుకొన్నవి. యంత్రము మనతో ఏ మాటలతో మాటలాడవలెనో నిర్ణయించుట చిన్న అధికారము కాదు.

మొత్తముమీద చూడగా, మూలపాఠము తెరచుటతో సగము పని మాత్రమే జరిగినది. అడుగుటకు ద్వారము, తడబాటును గమనించు కన్ను, నచ్చనిచో విడిపోవు వీలు, సొంతభాషలో పాలుపంచుకొను చోటు – ఇవి ఒకటొకటిగా తరువాత చేరినవి. ఐనను నేటికిని కంప్యూటరు ముందు కూర్చుండి, ఏమియు తోచక, ఎవరికిని ఫిర్యాదు వ్రాయక, తనకే తెలివి లేదనుకొని లేచిపోవు మనిషి ఉన్నాడు. అతని మాట ఏ పట్టికలోనికిని ఎక్కదు. అతని కొరకు ఇంకొక ద్వారము తెరువవలసి యున్నది.