ఉప్పల్ మార్గమున అనుమాన ప్రమాణము

మానవునకు యథార్థజ్ఞానము కలుగుటకు సాధనము లెవ్వి యను ప్రశ్న మన శాస్త్రములందు మిక్కిలి ప్రాచీనమైనది. ఆంధ్రుడగు అన్నంభట్టు 17వ శతాబ్దమున రచించిన తర్కసంగ్రహమునందు ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అను నాలుగు ప్రమాణములను నిరూపించెను. పర్వతమున ధూమమును గాంచి వహ్ని నూహించు దృష్టాంతము విద్యార్థు లెల్లరకు పరిచితమే. ఆ తర్కమునకు నూతనమైన పరీక్షాస్థలము హైదరాబాదు తూర్పుభాగమున, ఉప్పల్, నాచారముల చేరువ ఏర్పడినది.

1961లో స్థాపింపబడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉప్పల్ మార్గమునందు కలదు. భూగర్భము కంటికి గోచరింపదు. కంపతరంగములు వచ్చు కాలమునందలి భేదములు, గురుత్వాకర్షణమందలి స్వల్పమైన హెచ్చుతగ్గులు, అయస్కాంతక్షేత్రపు మార్పులు, ఇవియే అచ్చటి పరిశోధకులకు ధూమస్థానీయములు.

మహారాష్ట్రమునందలి కోయనా జలాశయమున 1962లో నీరు నిలుప నారంభించిన పిదప ఆ ప్రాంతమున కంపములు పొడసూపెను. 1967 డిశంబరు 10వ తేదీన 6.3 పరిమాణముగల భూకంపము సుమారు 200 మందిని బలిగొనెను. అంతమాత్రమున జలాశయమున్న చోటనెల్ల భూకంపము కలుగునను వ్యాప్తి నంగీకరింపవచ్చునా? అంగీకరింపరాదు. నీరు నిండియు కంపము నెరుగని జలాశయములు పెక్కులు కలవు. వహ్నిచే ధూమమును సాధింపబూనువానికి నైయాయికులు పచ్చికట్టెల సంయోగము ఉపాధియని చూపుదురు. ఇచ్చటను అట్టి ఉపాధి యున్నది. పూర్వమే ఒత్తిడికి లోనై కదలుటకు సిద్ధముగానున్న శిలాభ్రంశములే యవి. నీటి బరువును, లోనికి జొచ్చిన నీటి పీడనమును వాని పట్టును సడలించును. ఈ సంస్థకు చెందిన హర్షగుప్త, రస్తోగి యనువారు 1976లో ఆనకట్టలను, భూకంపములను గూర్చి గ్రంథమును ప్రకటించిరి.

పరీక్షింపబడని శబ్దము వలని యనర్థము గూడ ఈ చరిత్రయందు కానవచ్చును. దక్కను పీఠభూమి నిశ్చలమైనదను మాట చిరకాలము ప్రచారమందుండెను. 1993 సెప్టెంబరు 30వ తేదీ వేకువను కిల్లారి ప్రాంతమున భూమి కంపింప, నిద్రించుచున్న వేలకొలది జనులు తమ యిండ్ల రాతిగోడల క్రింద మరణించిరి. ఆ మాటను విశ్వసించినవారికి గోడలను దృఢపరుపవలయునను తలంపు పుట్టుట కవకాశమే లేకపోయెను.

అనుమానము సైతము పరీక్షకు అతీతము కాదు. అందువలననే 2017లో కోయనా ప్రాంతమున 3 కిలోమీటర్ల లోతు వరకు పరిశోధనార్థము రంధ్రమును తొలిచిరి. ధూమమును జూచి వహ్ని నూహించినవాడు పర్వతమెక్కి చూచుట ఎట్టిదో, ఇదియు నట్టిదే.