మూసా రేమండ్: నిజాం కొలువులో ఒక ఫ్రెంచి సేనాని

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- రేమండ్ సైనిక జీవితంలోని ముఖ్య ఘట్టాలను వివరించగలుగుతారు.
- అతని సైన్యం యుద్ధం లేకుండానే రద్దు కావడానికి గల కారణాలను విశ్లేషించగలుగుతారు.

1. పరిచయం

ఎల్.బి.నగర్ వైపు నుంచి హైదరాబాద్ నగరంలోకి వస్తుంటే దిల్‌సుఖ్‌నగర్ దాటగానే మూసారాంబాగ్ వస్తుంది. 'ముస్యే రేమండ్' అనే ఫ్రెంచి పిలుపు జనం నోట మారి ఈ పేరు వచ్చింది. ఆ సేనాని సమాధి దగ్గరలోని ఆస్మాన్‌గఢ్‌లో ఉంది. 1798 మార్చి 25న మరణించేనాటికి అతని కింద సుమారు 14,000 మంది సైనికులున్నారు. ఏడు నెలలలోపే ఆ సైన్యం ఒక్క యుద్ధమైనా చేయకుండా ఆయుధాలు అప్పగించింది. ఇది ఎలా జరిగిందో పరిశీలిద్దాం.

2. ఎదుగుదల

మిషెల్ జోషిం మారీ రేమండ్ 1755లో ఫ్రాన్సులో జన్మించాడు. 1775లో వ్యాపారం కోసం పాండిచ్చేరి వచ్చి, సైనిక వృత్తిలోకి మారి మైసూరులో హైదర్ అలీ కొలువులో పనిచేశాడు. తరువాత ఫ్రెంచి సేనాని బుస్సీకి సహాయకుడయ్యాడు. 1785లో బుస్సీ మరణించిన తరువాత రెండవ అసఫ్ జా నిజాం అలీ ఖాన్ కొలువులో చేరాడు.

అప్పట్లో దక్కనులో నిజాం, మరాఠాలు, టిప్పు సుల్తాన్, ఆంగ్లేయులు పోటీ పడుతున్నారు. ఐరోపా పద్ధతిలో కవాతు నేర్చిన పదాతి దళం, మంచి ఫిరంగులు లేనిదే రాజ్యం నిలవని పరిస్థితి. రేమండ్ కొన్ని వందల మందితో దళాన్ని ప్రారంభించి పెంచుకుంటూ పోయాడు. నేటి గన్‌ఫౌండ్రీ ప్రాంతంలోని ఫిరంగుల కార్ఖానా అతని పేరుతోనే ముడిపడి ఉంది. నిజాం అతనికి 'అజ్దర్ జంగ్' బిరుదునిచ్చాడు.

3. 1795: రెండు పరీక్షలు

1795 మార్చిలో ఖర్డా వద్ద నిజాం మరాఠాల చేతిలో ఓడిపోయాడు. రేమండ్ దళాలు గట్టిగా నిలబడినా, నిజాం వెనుదిరగడంతో అవీ తగ్గక తప్పలేదు. ఈ యుద్ధంలో ఆంగ్లేయులు తటస్థంగా ఉండిపోయారు. దానితో నిజాంకు ఫ్రెంచి దళంపై నమ్మకం పెరిగింది. అదే ఏడాది నిజాం కుమారుడు అలీ జా తిరుగుబాటు చేయగా, రేమండ్ అతన్ని వెంబడించి బందీగా పట్టుకున్నాడు.

4. పతనం

ఈ దళంలో సిపాయిలు స్థానికులు, అధికారులు ఫ్రెంచివారు, ఎగిరేది ఫ్రెంచి విప్లవ పతాకం. టిప్పు ఫ్రెంచివారి సహాయం కోరుతున్న సమయంలో ఇది గవర్నర్ జనరల్ వెల్లస్లీని కలవరపెట్టింది. హైదరాబాదులో మంత్రి అరస్తు జా ఆంగ్లేయుల వైపు మొగ్గాడు. రేమండ్ మరణం తరువాత పగ్గాలు పిరాన్ చేతికి వచ్చాయి. అతనికి రేమండ్‌కున్న పలుకుబడి లేదు.

1798 సెప్టెంబరు 1న నిజాం సైన్య సహకార ఒప్పందం కుదుర్చుకున్నాడు. దాని ప్రకారం కంపెనీ సైన్యం 6,000కు పెరగాలి, ఫ్రెంచి దళం రద్దు కావాలి. జీతాల బకాయిలకోసం సిపాయిలు తమ అధికారులపైనే తిరగబడ్డారు. అక్టోబరు 22న కంపెనీ సైన్యం శిబిరాన్ని చుట్టుముట్టగా వారు ఆయుధాలు అప్పగించారు.

5. విశ్లేషణ

ఈ అంశంపై జవాబు రాసేటప్పుడు యుద్ధాల జాబితా ఇస్తే సరిపోదు. రేమండ్ సమర్థుడే. కాని ఆ సైన్యాన్ని కలిపి ఉంచింది అతని వ్యక్తిగత ప్రతిష్ఠ. అతను పోగానే ఆ కట్టు వదులైంది. నిజాం దాని స్థానంలో సొంత సైన్యాన్ని నిర్మించుకోలేదు. ఒక విదేశీ బలాన్ని తీసేసి మరొకదాన్ని తెచ్చుకున్నాడు. మొదటిది కొలువులో ఉన్న సేనానిది, రెండవది రాజ్యవిస్తరణ కోరే కంపెనీది. ఈ తేడాకు చెల్లించిన మూల్యం 1800లో తెలిసింది. కంపెనీ సైన్యం ఖర్చు కింద కడప, కర్నూలు, అనంతపురం, బళ్ళారి ప్రాంతాలను నిజాం వదులుకున్నాడు. అవే దత్తమండలాలు.

6. సారాంశం

హిందువులు రేమండ్‌ను మూసా రాం అని, ముస్లింలు మూసా రహీం అని పిలుచుకున్నారు. అతని సైన్యం మిగలలేదు, పేరు మాత్రం ఒక బస్తీకి, ఒక మెట్రో స్టేషనుకు మిగిలింది. ఊరి పేర్లు కూడా చరిత్రకు ఆధారాలే అని గుర్తుంచుకోండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. ఖర్డా యుద్ధం తరువాత నిజాంకు ఫ్రెంచి దళంపై నమ్మకం ఎందుకు పెరిగింది?
2. 1798 ఒప్పందానికి, దత్తమండలాలకు గల సంబంధాన్ని వివరించండి.
3. మీ ప్రాంతంలో ఒక ఊరి పేరు వెనుక ఉన్న చరిత్రను పది వాక్యాలలో రాయండి.